యాభై ఐదు నిమిషాల కొండ

2023 ఏప్రిల్. మేముండే చలిదేశపు ఊరు సస్కటూన్‌లో నది మీద మంచు పలకలు ఇంకా విరుగుతూనే ఉన్నాయి. నేను పనిచేసే పల్మనరీ రిహాబ్ విభాగం ఆస్పత్రి కింది అంతస్తులో ఉంటుంది. కిటికీలు లేని పెద్ద హాలు, నాలుగు ట్రెడ్‌మిల్లులు, గోడవారగా కుర్చీలు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళకి, మిగిలిన ఊపిరితోనే ఎక్కువ దూరం నడవడం ఎలాగో నేర్పే చోటు అది. నేను అక్కడ ఫిజియోథెరపిస్టుని. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో ఆక్సీమీటర్, అంటే వేలికి క్లిప్పులా పెడితే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపించే చిన్న పరికరం. ఇంట్లో కూడా ప్రతిదానికీ నిమిషాలు లెక్కపెడతానని మా ఆయన వేళాకోళం చేస్తాడు. టైమ్ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదన్న పొగరు నాలో ఉండేది. ఆ పొగరు అణిగిన కేసు ఇది.

సుభద్రగారికి అప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. పల్మనరీ ఫైబ్రోసిస్. స్పాంజిలా ఉండాల్సిన ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడిపోయే జబ్బు. మందులు దాన్ని నెమ్మదిగా నడిపిస్తాయి కానీ ఆపలేవు. ఆవిడతో పాటు భర్త ప్రభాకరరావుగారు వచ్చారు. యూనివర్సిటీలో సాయిల్ సైన్స్ ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యారు. చేతిలో ఫైలు, ఫైల్లో రంగు రంగుల ట్యాగులు. నేను తెలుగుదాన్నని పేరు చూసి పట్టేసి, "హమ్మయ్య, మనమ్మాయే" అన్నారు. ఆ మాటకి నేనూ కరిగిపోయాను. అంకుల్, ఆంటీ అని వరసలు కలిసిపోయాయి. జరగాల్సిన పొరపాటుకి అక్కడే బీజం పడింది.

మొదటిరోజు సిక్స్ మినిట్ వాక్ టెస్ట్ చేస్తాం. ముప్పై మీటర్ల కారిడార్లో ఆరు నిమిషాలపాటు అటూ ఇటూ నడిపించి, ఎంత దూరం వెళ్ళారో కొలుస్తాం. సుభద్రగారు నాలుగు వందల పది మీటర్లు నడిచారు. ఆ జబ్బుతో అది బాగా నడిచినట్టే. తర్వాత అందరినీ అడిగే ప్రశ్న అడిగాను. ఈ క్లాసుల వల్ల మీరు ఏం చేయగలగాలని కోరుకుంటున్నారు?

"ఇంటిపని చేసుకోగలిగితే చాలమ్మా, ఆవిడకేం పెద్ద కోరికలుంటాయి" అన్నారు అంకుల్.

"కొండెక్కాలి" అన్నారు ఆంటీ.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "పుట్టింది గోదావరి డెల్టాలో. బతికింది ఈ ప్రెయిరీ మైదానాల్లో. రెండూ పళ్ళెంలా చదునే. రాకీస్ కొండలకి ఆరుసార్లు వెళ్ళాం, ఆరుసార్లూ కార్లోంచి చూశాను. తిరుమల కూడా రెండుసార్లూ బస్సులోనే. ఒక్కసారి నా కాళ్ళతో నేను ఎత్తు ఎక్కాలి."

ఫారంలో అలాగే రాసుకున్నాను.

ఆవిడ గట్టి మనిషి. పాతికేళ్ళు ఒక విత్తనాల ల్యాబ్‌లో పనిచేశారట. తడి కాగితాల మీద వంద గింజలు పేర్చి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టి రైతులకి రిపోర్టు ఇచ్చే పని. క్లాసుకి ఒక్కరోజు మానలేదు. పెదవులు చిన్నగా చేసి, వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా ఊపిరి వదలమంటే మూడోరోజుకే పట్టుబడింది. ఇంత తెలిసిన మనిషి డాక్టరు దగ్గరికెళ్తే మాత్రం నోరు విప్పదు. అంకులే మాట్లాడతారు, అంకులే వింటారు, ఇంటికొచ్చాక అంకులే చెప్తారు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆ పనుల పంపకం అలా కుదిరిపోయింది. మన ఇళ్ళల్లో ఇది కొత్తేం కాదు, నాకూ వింతగా అనిపించలేదు.

జూన్ మొదట్లో రెండో వాక్ టెస్ట్ చేశాను, మూడు వందల ఎనభై ఐదు మీటర్లు. ప్రోగ్రెస్ రిపోర్టు రాయడానికి ఆవిడ చార్ట్ మొత్తం చదివాను. ఏప్రిల్ నెలాఖరున లంగ్ స్పెషలిస్టు ఫోన్ అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఫోన్ రాగానే ఆంటీ అలవాటు ప్రకారం "మా ఆయనతో మాట్లాడండి" అని రిసీవర్ ఆయన చేతికిచ్చేశారట. ఆయన ఫోన్ పట్టుకుని పక్కగదిలోకెళ్ళారట. కొత్త స్కాన్‌లో జబ్బు వేగం పెరిగిందనీ, మందు అనుకున్నంత పనిచేయడం లేదనీ, ఉన్న టైమ్ ఏడాదికి అటూ ఇటూ కావచ్చనీ, ముఖ్యమైన పనులు వాయిదా వేసుకోవద్దనీ డాక్టరు చెప్పారు. "పేషెంటు కోరిక మీద భర్తతో చర్చించాం" అని కింద రాసి ఉంది.

ఆ రోజే అంకుల్ ఫైలు తెరిచి నాకు మూడు కాగితాలు చూపించారు. ఎంతో శ్రద్ధగా చేశారు. ఒకటి, నడవడానికి సులువైన సరస్సు దారి. రెండు, రోజంతా పట్టే ట్రెక్. మూడోదాని మీద ఎర్ర ట్యాగు. రోడ్డు లేని లోయలో లాడ్జ్, హెలికాప్టర్లో దింపుతారు, మూడు రోజులు అక్కడే ఉండి చుట్టూ కొండలు ఎక్కొచ్చు. "దీనికి ఏడాది ముందు బుక్ చేయాలి. చేసేశాను. వచ్చే జూలై పద్నాలుగు!" అన్నారు.

"మూడోదే మంచిదంటున్నారు మీ అంకుల్. ఏడాది ప్రాక్టీస్ చేస్తే ఊపిరి కుదుటపడుతుందట. నువ్వేమంటావ్ వసుధా?" అని ఆంటీ నన్ను అడిగారు.

నేను అంకుల్ వైపు చూశాను. ఆయన కళ్ళతోనే వద్దన్నారు. "చూద్దాం ఆంటీ" అన్నాను.

తర్వాత ఆయన నన్ను కారిడార్లో పట్టుకున్నారు. "దానికి చెప్పకమ్మా. చెప్తే రేపట్నుంచే మంచం పడుతుంది. మా అమ్మకి కూడా మేమెవరం చెప్పలేదు. ఆనందంగానే పోయింది."

ఇక్కడ నేను చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. డాక్టర్‌కి ఫోన్ చేసి, విషయం పేషెంటుకి చేరలేదు, ఆవిణ్ణి పిలిచి మాట్లాడండి అని ఒక్క మాట చెప్పాలి. అంతే. ఆవిడ పేరు మార్గరెట్టో, జీనో అయ్యుంటే ఆ సాయంత్రమే చేసేదాన్ని. కానీ మా అమ్మమ్మకీ మేము చెప్పలేదు. తెల్లజుట్టు పెద్దమనిషి చేతులు పట్టుకుని బతిమాలుతుంటే "సరే అంకుల్" అన్నాను. ఆ మాట నేను అన్నానని ఇప్పటికీ సిగ్గుపడతాను.

జూలై వెళ్ళిపోయింది. కొండల్లో మంచు కరిగి దారులన్నీ తెరుచుకునేది ఆ నెల్లోనే. ఆంటీ వచ్చే ఏడాది కోసం ట్రెడ్‌మిల్ మీద ఏటవాలు పెంచుతూ నడిచారు. నేను పక్కన నిలబడి "బాగుంది ఆంటీ" అంటూ అంకెలు రాసుకున్నాను. ఆగస్టులో కార్చిచ్చుల పొగ వచ్చింది. పగలు కూడా సూర్యుడు ఎర్రటి బిళ్ళలా ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు గడప దాటొద్దని రేడియోలో చెప్పారు.

ఆగస్టు చివర్లో మళ్ళీ వాక్ టెస్ట్. మూడు వందల మీటర్లు. ఆక్సిజన్ ఎనభై రెండుకి పడిపోతే మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆంటీ కుర్చీలో కూర్చుని, ఊపిరి సర్దుకుని, నా చేతిలో ఉన్న కాగితం లాక్కున్నారు. అంకుల్ కారు పార్క్ చేసి ఇంకా రాలేదు.

"నాలుగొందల పది, మూడొందల ఎనభై ఐదు, మూడొందలు" అని చదివారు. "నేను మొలకలు లెక్కపెట్టిన మనిషిని వసుధా. గీత ఎటు పోతోందో తెలుస్తుంది. వచ్చే జూలైకి నేను ఎక్కగలనా?"

ఇక దాటవేయడానికి నాలో ఓపిక లేదు.

"వచ్చే జూలై దాకా ఆగొద్దు ఆంటీ. ఏప్రిల్లో డాక్టర్ గారు అంకుల్‌కి చెప్పారు. మీకు తెలియాల్సింది. పూర్తి వివరం డాక్టరే చెప్పాలి, ఇవాళే ఫోన్ చేస్తాను."

ఆవిడ కాగితం నా చేతికి తిరిగిచ్చేశారు. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"జూన్ నుంచి."

"ఆయనంటే పిరికి మనిషి. నువ్వు కూడానా?" గొంతు పెంచలేదు. "నాకు ఎక్కువ నెలలు లేవని తెలిసి కూడా రెండు నెలలు తీసేసుకున్నారమ్మా మీరిద్దరూ. జూలై, ఆగస్టు. నన్ను అడిగి తీసుకోవాల్సింది."

నేను ఏడ్చాను. పేషెంటు ముందు ఏడవకూడదని మాకు నేర్పుతారు. ఆవిడ మాత్రం ఏడవలేదు.

అంతలో అంకుల్ వచ్చారు. ఆంటీ ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. "ఏమండీ, ఏప్రిల్లో డాక్టర్ ఏమన్నాడు?" అని అడిగారు.

ఆయన నా వైపు చూశారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డారు. "లాడ్జ్ బుక్ చేస్తే... ఆ తారీఖు దాకా నువ్వుంటావనిపించింది సుభద్రా" అన్నారు. ఒక సైంటిస్టు నోట అంత అమాయకమైన మాట వింటానని నేను అనుకోలేదు. అప్పటిదాకా ఆయన మీదున్న కోపం కాస్తా పోయింది. మిగిలిన కోపమంతా నామీదికే తిరిగింది.

డాక్టరు మర్నాడే పిలిచారు. ఆంటీ ఒక్కరే లోపలికెళ్ళారు. బయటికొచ్చి నా విభాగానికి దిగి వచ్చారు. "ఇప్పుడు చెప్పు. ఈ ఏడాదే ఏ కొండ ఎక్కగలను?"

అప్పుడు మొదలైంది అసలైన పని. మామూలు మనుషులు ట్రెక్ ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు, చివర ఏం కనిపిస్తుంది అని చూస్తారు. మాకు ఆ రెండూ పనికిరావు. ముందు పొగ తగ్గాలి. సెప్టెంబర్ దాటితే పైన మంచు మొదలవుతుంది. దూరాన మార్కమ్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ళమ్మాయి నీలిమకి మూడు రోజులు సెలవు దొరికింది. వెళ్ళడానికి ఒకరోజు, రావడానికి ఒకరోజు పోతే నడకకి మిగిలింది ఒక్కరోజు. అన్నిటికీ మించి బ్యాటరీ. ఆంటీ భుజానికి వేసుకునే ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్, గాలిలోంచి ఆక్సిజన్‌ని వడగట్టి ముక్కుకి అందించే యంత్రం, ఎక్కేటప్పుడు కావాల్సిన స్థాయిలో పెడితే ఒక్కో బ్యాటరీ గంట పైన కొంచెం నడుస్తుంది. రెండు బ్యాటరీలు. ఎక్కడానికి ఎంత, దిగడానికి ఎంత, ఏదైనా తేడా వస్తే చేతిలో ఉండాల్సింది ఎంత అని కాగితం మీద వేసుకుంటే, ఎక్కడానికి యాభై ఐదు నిమిషాలు మిగిలింది. అంతకన్నా ఒక్క నిమిషం కూడా నేను ఇవ్వలేను. డాక్టరు కూడా ఆ లెక్క చూసి సంతకం పెట్టారు.

అంకుల్ కేబుల్ కార్ అన్నారు. "పది నిమిషాల్లో శిఖరం మీద ఉంటావ్. నడవక్కర్లేదు."

"నన్ను పైకి చేర్చమని ఎవరన్నారండీ? ఎక్కుతానంటున్నాను" అన్నారు ఆంటీ.

నేను సరస్సు దారి చెప్పాను. చదునుగా ఉంటుంది, యాభై ఐదు నిమిషాల్లో నీళ్ళదాకా వెళ్ళొచ్చు, ఫోటోలు బాగుంటాయి. నా మనసులో అదే సరైన ఎంపిక. భద్రమైంది, గమ్యం చేరినట్టుంటుంది, ఎవరికీ బాధ మిగలదు.

"చదును నేను డెబ్భై ఏళ్ళు నడిచాను" అని ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టేశారు. తనే ఒక దారి వెతికి తెచ్చారు. రాకీస్ కొండల్లో కాన్మోర్ ఊరికి దగ్గర్లో, వంకీలు తిరుగుతూ నిటారుగా ఎక్కే దారి. చివర జలపాతం లేదు, సరస్సు లేదు. మొదటి అడుగు నుంచీ ఎత్తే.

"ఆంటీ, యాభై ఐదు నిమిషాల్లో దాని పైకి చేరలేరు. సగం కూడా కాదు."

"చేరనక్కర్లేదు. ఎక్కడున్నా టైమవగానే తిరుగుతాను. కొండలెక్కేవాళ్ళు అలాగే చేస్తారటగా?"

నిజమే. దాన్ని టర్న్‌అరౌండ్ టైమ్ అంటారు. బయల్దేరేముందే తిరిగే గడియ పెట్టుకుంటారు. శిఖరం చేతికందేంత దూరంలో ఉన్నా ఆ గడియకి తిరగాలి. నేను ఎప్పుడో చదివిన ఆ మాట ఆవిడ తన ఊపిరికి తగ్గట్టు మలుచుకున్నారు. ఫోన్లో నీలిమ అంతా విని, "మామ్, ఇట్స్ యువర్ కాల్, నిర్ణయం నీదే" అంది. రెండు వారాలపాటు నది గట్టు మెట్ల మీద ప్రాక్టీస్ చేయించాను. రెండు అడుగులు, ఒక ఊపిరి. రెండు అడుగులు, ఒక ఊపిరి.

సెప్టెంబర్ మూడోవారంలో గాలి తిరిగి పొగ విడిపోయింది. వాళ్ళు వెళ్ళారు. ఆ రోజంతా నేను క్లాసులో ఎవరికి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. మధ్యాహ్నం మూడింటికి నీలిమ నుంచి రెండే మాటల మెసేజ్ వచ్చింది. కిందికి వచ్చేశాం.

అక్టోబర్ మొదట్లో ఆంటీ నా దగ్గరికి వచ్చారు. అంకుల్ తనంతట తనే బయటి కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు నేను టెస్ట్ పెట్టలేదు, కుర్చీలో కూర్చోబెట్టి చెప్పమన్నాను.

"మొదటి పది నిమిషాలు అనవసరంగా వచ్చానేమో అనుకున్నాను. తర్వాత కాళ్ళు వాటంతటవే పట్టుకున్నాయి. మెట్ల మీద నేర్పావే, అలాగే. ఆస్పెన్ చెట్ల ఆకులన్నీ పసుప్పచ్చగా పండి ఉన్నాయి. ఐదో వంకీ దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఊరు కింద ఉంది వసుధా. నాకు కింద! గూడ్స్ రైలు పోతోంది, దాని పైకప్పులు కనపడ్డాయి. రైలు పైకప్పు నేను నా కాళ్ళ మీద నిలబడి ఎప్పుడూ చూళ్ళేదు."

ఆవిడ ఆగి ఊపిరి తీసుకున్నారు.

"నీలిమ వాచీ మోగింది. పైన, ఇంకో మలుపు దగ్గర, ఒక బెంచీ కనిపిస్తోంది. అక్కడినుంచి లోయంతా కనపడుతుందట. మీ అంకుల్ దాదాపు ఏడ్చేశారు. 'ఇంకో ఐదు నిమిషాలే సుభద్రా, బ్యాటరీలో ఉంది, నేను చూశాను' అని. ఉంది. నాకూ తెలుసు. నేను తిరిగేశాను."

"ఎందుకు ఆంటీ? ఐదు నిమిషాలకి..."

"ఆ గడియ నేను పెట్టుకున్నది. మొదటిసారి ఒక తారీఖు, ఒక టైము ఆయన పెట్టలేదు, నువ్వు పెట్టలేదు. నేను పెట్టాను. దాన్నెందుకు మార్చుకుంటాను?"

నేను తల వంచుకుని, జూన్ సంగతికి క్షమించమని అడిగాను. ఆవిడ వెంటనే పోనీలే అనలేదు. అలా అంటారనుకున్నాను, మన పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా. "నీమీద కోపం లేదు. కానీ అవి నా నెలలమ్మా. ఇంకెవరి దగ్గరా తీసుకోకు" అన్నారు.

ఫిబ్రవరిలో ఆవిడ పోయారు. చివరి మూడు వారాలు ఏం కావాలో, ఏం వద్దో అన్నీ తనే డాక్టరుతో మాట్లాడారట. అంకుల్ పక్కన కూర్చుని విన్నారట. అది ఆయనే నాకు చెప్పారు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చినా, మొదటిరోజు పది నిమిషాలు పేషెంటుతో ఒంటరిగా కూర్చుంటాను. మనవాళ్ళయితే మరీ ముఖ్యంగా. మీ జబ్బు గురించి మీకెంత తెలుసు, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారు అని అడుగుతాను. నాకేం చెప్పొద్దు, మా అబ్బాయికి చెప్పండి అనేవాళ్ళున్నారు. అలాగే రాసుకుంటాను, అది వాళ్ళ మాట కాబట్టి. బయట కూర్చోమన్నందుకు భర్తలు, కొడుకులు, కోడళ్ళు నామీద రుసరుసలాడతారు. ఆడనిస్తాను. కారిడార్లో చేతులు పట్టుకుని బతిమాలే పెద్దమనుషులు ఇప్పటికీ దొరుకుతారు. వాళ్ళ ప్రేమ నిజమేనని నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రమే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.

సుభద్రగారు కొండెక్కారని, తను అనుకున్నట్టే తిరిగొచ్చారని తోటి ఉద్యోగులు దీన్ని మంచి కేసుగా చెప్పుకుంటారు. నేను అలా చెప్పుకోలేను. ఆవిడ జూన్ నడక, ఆగస్టు నడక రెండూ నా దగ్గర రాసి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు లెక్క వేసి చూశాను. జూన్‌లో నేను ఆ ఫోన్ చేసి ఉంటే, జూలైలో ఎక్కి ఉంటే, అవే యాభై ఐదు నిమిషాల్లో ఆవిడ ఆ బెంచీ దాటి వెళ్ళేవారు.